సరంగులపేట టంకశాల నుంచి బయటపడ్డ కాణీ

ఫిరంగులు పేలింది ఎక్కడో సముద్రాల అవతల. చిల్లర చచ్చింది మాత్రం సరంగులపేటలో.

చేతిలో రూపాయి నోటు పెట్టుకుని కూడా కాణీ బెల్లం కొనుక్కోలేని రోజులవి. రాగంతా తుపాకీ గుళ్ళలోకి పోయిందని కొందరూ, కాదు షావుకార్లు దొడ్లో పాతిపెట్టారని కొందరూ అనుకునేవారు. కిళ్ళీకొట్టు పోలయ్య దగ్గరికి నోటు పట్టుకెళ్ళి అర్ధణా వక్కపొడి అడిగితే ముందు నాలుగు తిట్లు తిట్టి, మిగతా డబ్బులకి తమలపాకులు లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఆకులు వద్దంటే నోటు కూడా తిరిగిచ్చేవాడు కాదు.

ఊళ్ళో చిల్లరున్న మొనగాడు ఒక్కడే, బొగ్గుతో నడిచే బస్సు కండక్టరు నూకరాజు. మెళ్ళో తోలుసంచి గలగలలాడించుకుంటూ వాడు వీధిలో నడిస్తే ఆడపిల్లల తండ్రులు పనులు మానేసి అరుగుల మీదికి వచ్చేవారు. పోలయ్యకి వరహాలని ఒక్కతే కూతురు. దాన్ని నూకరాజుకిస్తే కొట్టుకి చిల్లర బాధ తప్పుతుందని పోలయ్య ఆశ. వరహాలు మనసులో మాత్రం రైసుమిల్లు కాటా మనిషి చిట్టబ్బాయి ఉన్నాడు.

చిట్టబ్బాయికి చెప్పుకోదగ్గ ఆస్తి లేదు గానీ చేతిలో పనుంది. కాటా దగ్గర నిలబడ్డాడంటే బస్తా ఎక్కించగానే, ముల్లు ఊగడం ఆగకుండానే, ఎంత తక్కువో ఎంత ఎక్కువో గింజల్లో చెప్పేవాడు. అయితే గింజల్లో చెప్పేవాడికి పిల్లనెవడిస్తాడు? పోలయ్య ఇవ్వనన్నాడు. అంతలో మిల్లు కూడా మూతబడింది. చిట్టబ్బాయి పని గోవిందా అనుకుంటూ ఉండగా, మిల్లు తలుపుల మీద కొత్త బోర్డు వెలిసింది: ‘యుద్ధకాల తాత్కాలిక టంకశాల’, అంటే నాణేలు పోసే మింటు.

మధ్యలో చిల్లున్న రాగి కాణీలు అక్కడ తయారవుతాయనీ, నెల తిరక్కుండా ఊరంతా చిల్లర పారుతుందనీ చాటింపు వేశారు. మిల్లుతో పాటు కాటానీ, కాటాతో పాటు చిట్టబ్బాయినీ సర్కారు స్వాధీనం చేసుకుంది.

ఆ సాయంత్రమే పోలయ్య చిట్టబ్బాయి ఇంటికి స్వయంగా వచ్చాడు.

"ఏం అల్లుడూ, ఒంట్లో కులాసాయేనా?" అన్నాడు.

నిన్నటిదాకా ‘ఒరే’ అన్న నోరది. చిట్టబ్బాయి నులకమంచం మీంచి దిగ్గున లేచాడు.

"దొంగతనం చెయ్యమనట్లేదురా నాయనా. నేను నోట్లిస్తా, నువ్వు చిల్లర పట్టుకురా, అంతే. మింటులో అల్లుడుంటే ఇంట్లో పాడిగేదె ఉన్నట్టే కదా!" అని, పంతులు గారి చేత ముహూర్తం కూడా పెట్టించేశాడు. వైశాఖంలో శుక్రవారం, పగలు పదకొండు గంటల నలభై నిమిషాలకి. అది దాటితే మూఢం, మళ్ళీ మూడు నెలల దాకా ముహూర్తాల్లేవు.

టంకశాలకి సూపరింటెండెంటుగా వచ్చినాయన పేరు శేషాచార్యులు గారు. మనిషి నిష్ఠాపరుడు, తలపాగా చెదరనివ్వడు, నియమం చెదరనివ్వడు. ఆయన నోట మామూలు మాట కూడా సర్క్యులరులాగే వచ్చేది. మొదటిరోజు పనివాళ్ళందర్నీ ధాన్యం ఆరబోసే కళ్ళంలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, రాగి మహా ప్రలోభకరమైన లోహము. బంగారమును చూచి మనుజుడు భయపడును. రాగిని చూచి బొడ్డున దోపుకొనును. కావున ఇచట శాస్త్రీయ పద్ధతి అవలంబింపబడును. ఉదయము లోనికి ప్రవేశించిన బరువు ఎంతయో, సాయంకాలము నిష్క్రమించు బరువు అంతయే యుండవలెను. హెచ్చినచో దొంగతనము. తగ్గినచో..." అని ఆగి, ముక్కుపొడుం పీల్చి, "తగ్గినచో అంతకంటె దొంగతనము! ఏలయన, వాడేదో లోపలనే దాచినాడన్నమాట!" అన్నారు.

మనుషుల్ని తూచే పని చిట్టబ్బాయిది. చిట్టబ్బాయిని ఎవరు తూస్తారన్న ప్రశ్న వచ్చింది. తన్ను తాను తూచుకోవడం నిషిద్ధం కాబట్టి, సూపరింటెండెంటు గారే స్వహస్తాలతో తూస్తానన్నారు. పొద్దున్న లోపలికి వచ్చేటప్పుడు ముందు తూకం, ఆ తర్వాత గేటు జవాను బైరాగి చేత సోదా. బయటి లోహం ఏది దొరికినా, యుద్ధం ముగిసి టంకశాల మూసేదాకా తిరిగి రాదు. ముందు తూకం, ఆనక సోదా అన్న ఆ వరస చూసి ఎవరూ ఏమీ అనుకోలేదు. చిట్టబ్బాయి కొంప ముంచింది ఆ వరసే.

మొదటి సాయంత్రం కొలిమి పనివాడు సత్తియ్య కాటా ఎక్కాడు. అతను నిలబడ్డ సిబ్బి, అదే తక్కెడ పళ్ళెం, గాలిలోకి లేచింది.

"అరవీశె తక్కువండి," అన్నాడు చిట్టబ్బాయి.

"ఎచట దాచితివి?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"దాయడానికేముందండి బాబూ, చెమటైపోయింది. పొద్దున్నుంచీ కొలిమి దగ్గరుంటే ఏటవుద్దండి?"

"చెమట ఎవరి అనుమతితో పట్టినది?"

సూపరింటెండెంటు గారు చీకటిపడేదాకా ఆలోచించి, గేటు దగ్గర ‘భర్తీ కుండ’ అని ఒక నీళ్ళకుండ పెట్టించారు. తగ్గినవాడు ముల్లు నిలిచేదాకా నీళ్ళు తాగి వెళ్ళాలి. హెచ్చినవాడు కళ్ళం చుట్టూ పరుగెత్తి చెమటోడ్చి వెళ్ళాలి. "ఇంకో గ్లాసు పుచ్చుకో బాబాయ్, వచ్చేసింది, వచ్చేసింది... అయ్యో, ఎక్కువైపోయింది, ఓ చుట్టు తిరిగిరా" అంటూ చిట్టబ్బాయి రోజూ పొద్దుగూకేదాకా గొంతు చించుకునేవాడు. జీతాల రోజున నోట్ల బరువుకి సరిపడా అందర్నీ పరుగెత్తించారు. ఒకడికి మేనమామ పోయాడని కబురొస్తే, ‘ఇచట ఏడ్చిన బరువు తగ్గును, బయటకేగి ఏడువుము’ అని వ్రాతపూర్వకంగా అనుమతి ఇచ్చారు.

ఇదంతా ఒక ఎత్తు. లోహ సేకరణ ఒక ఎత్తు. పనిలో లేని ఇనుమంతా యుద్ధానికి పంపమని పైనుంచి తాఖీదు వచ్చింది. సూపరింటెండెంటు గారు మధ్యాహ్నం పూట టంకశాల అంతా కలయదిరిగారు. కాటా రాళ్ళు నీడలో ఖాళీగా పడి ఉన్నాయి. దేశం యుద్ధం చేస్తూ ఉంటే ఇవి పగలంతా పడుకుంటాయా అని ఆయనకి కోపం వచ్చి, మణుగు రాయి నుంచి పలం రాయి దాకా అన్నీ బండికెత్తించేశారు.

"మరి సాయంత్రం దేంతో తూచమంటారండి?" అన్నాడు చిట్టబ్బాయి.

"బరువు గలది ఏదైనను తూనికరాయియే. మన యొద్ద కాణీలు లేవా?"

ఉన్నాయి. అప్పుడే మొదటి కాణీలు చిల్లులు పొడిపించుకుని బుట్టల్లోకి రాలుతున్నాయి. బయట గేటు దగ్గర నోట్లు పట్టుకుని ఊరు ఊరంతా వరసలో నిలబడింది, పోలయ్య అందరికంటే ముందు. లోపల మాత్రం ఒక్కో పనివాడి పేరా ఒక్కో గోనెసంచి కుట్టించారు. పొద్దున్న మనిషిని ఒక సిబ్బిలో నిలబెట్టి, రెండో సిబ్బిలో సంచి పెట్టి, సరితూగేదాకా కాణీలు పోసి, మూతికి లక్క సీలు వేస్తారు. సాయంత్రం అదే సంచితో తూచి పంపిస్తారు. చిట్టబ్బాయి బక్కపలచటి మనిషి. అతని సంచికే ఇరవై ఎనిమిది వేల కాణీలు పట్టాయి. భారీ మనిషి వంటవాడు వీరన్న సంచి నిండడానికి పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులూ పాపం వీరన్న ఇంటికి వెళ్ళలేదు.

గేటు దగ్గర జనం గోల చేస్తే ప్రకటన అంటించారు: ‘నాణెములు సమృద్ధిగా తయారగుచున్నవి. ప్రస్తుతము తూకమందున్నవి. తూకము ముగిసిన వెంటనే విడుదల చేయబడును.’

జనం ఆగలేదు, పైకి అర్జీ పెట్టారు. పైవాళ్ళు ఉత్పత్తి పెంచమన్నారు. ఉత్పత్తి పెంచాలంటే మనుషులు కావాలి కదా! అరవైమంది పనివాళ్ళని తొంభై చేశారు. కొత్త ముప్ఫైమందికి ముప్ఫై సంచులు కావాలి. తయారైన కాణీలు చాలక, ఊళ్ళో దేవుడి హుండీల్లోనూ ముసలమ్మల మూటల్లోనూ మిగిలిన కాసిని చిల్లర డబ్బుల్నీ నోట్లిచ్చి పట్టుకొచ్చి సంచుల్లో పోశారు. బస్సులో తిరుగుతూ ఉండబట్టి నూకరాజు సంచి ఒక్కటి దక్కింది.

పోలయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"మూడు నెలలైంది! ఒక్కటంటే ఒక్క కాణీ కళ్ళజూశానా? పైగా నా కొట్లో ఉన్న ఆరణాలూ పట్టుకుపోయారు మీ మింటోళ్ళు!"

"నేనేం చేయనండి మావయ్యగారూ? నన్ను కూడా ఆ కాణీలతోనే తూస్తున్నారండి."

"నీ తూకం నాకెందుకు? ముహూర్తం పెట్టాను కాబట్టి మాట మీద నిలబడతా. కానీ విను అబ్బీ! పదకొండూ నలభైకి నువ్వు పీట మీద లేవా, నూకరాజుని కూర్చోబెట్టేస్తా. వాణ్ణి కూడా పెళ్ళికి పిలిచా. కొత్త పంచె కట్టుకునే వస్తానన్నాడు."

గుమ్మం వెనకనుంచి వరహాలు గొంతు వినిపించింది. "ఆ సంచి వెధవ పక్కన నేను కూర్చోను. చిట్టబ్బాయి రాకపోతే నేనే మింటుకెళ్ళి కాటా ఎక్కుతాను."

చిట్టబ్బాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ అమ్మాయి కోసం ఏమైనా చేస్తాననుకున్నాడు. చెయ్యవలసిందల్లా ఒక్కరోజు సెలవు పుచ్చుకోవడమే. అదే ఎవరివల్లా కాలేదు ఇంతవరకూ.

సెలవు కావాలంటే ఆ రోజునే లోపలికి వచ్చి, స్వయంగా కాగితం ఇచ్చి, సంతకం అయ్యాక తూకం వేయించుకుని బయటికి వెళ్ళాలి. అందుకని పెళ్ళిరోజు పొద్దున్న ఏడింటికి చిట్టబ్బాయి పసుపు బట్టలతో, బుగ్గన చుక్కతో, పారాణి కాళ్ళతో టంకశాలకి బయల్దేరాడు. పెళ్ళికొడుకు గనక ముహూర్తం దాకా ఉపవాసం, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని తల్లి మరీ మరీ చెప్పింది. దారిలో కంసాలి పిలిచి తాళిబొట్టు చేతిలో పెట్టాడు. కొత్త బంగారం, గోరంత ఉంది. మూడేళ్ళు కూడబెట్టి చేయించినది. అరగంటలో వచ్చేస్తాను కదా అని చిట్టబ్బాయి దాన్ని జాగ్రత్తగా బొడ్డున దోపుకున్నాడు.

సూపరింటెండెంటు గారు తూచారు. సంచి నింపి సీలు వేశారు. ఆనక బైరాగి సోదా చేశాడు. తాళిబొట్టు బయటపడింది.

"ఇది ఏమి?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"తాళిబొట్టండి. ఇయ్యాళ నా పెళ్ళండి."

"శుభము. లోహమా, కాదా?"

"బంగారమండి."

"అనగా లోహమే." తాళిబొట్టు కవరులోకి వెళ్ళింది. కవరు మీద సీలు పడింది. ‘టంకశాల మూసివేతానంతరము తిరిగి ఇయ్యబడును’ అని రాశారు. చిట్టబ్బాయి కాళ్ళు పట్టుకున్నాడు, గడ్డం పట్టుకున్నాడు. సూపరింటెండెంటు గారు కూడా బాధపడ్డారు. కానీ నియమం బాధపడలేదు.

సరే, తాళి లేకపోతే పసుపు కొమ్ము కట్టొచ్చు, ముందు బయటపడితే చాలనుకున్నాడు చిట్టబ్బాయి. సెలవు కాగితం మీద సంతకం అయ్యేసరికి పదకొండైంది. అప్పటిదాకా ఒక మూల కదలకుండా కూర్చున్నాడు. చెమట పట్టకుండా ఇద్దరు పనివాళ్ళు విసనకర్రలతో విసిరారు. ఉమ్మి కూడా మింగాడే గానీ ఉయ్యలేదు. ఇంత చేసి కాటా ఎక్కితే, అతని సిబ్బి వెంట్రుకవాసి పైకి లేచింది.

"తక్కువ!" అన్నారు సూపరింటెండెంటు గారు.

"తక్కువైంది నా తాళిబొట్టేనండి! పొద్దున్న దాంతో కలిపి తూశారు కదండి. అదిగో, మీ బల్ల మీదే ఉందండి!"

"అది వేరు దస్త్రము. ఇది వేరు దస్త్రము. రెండింటిని కలుపరాదు. భర్తీ కుండ వద్దకేగి గుక్కెడు నీరు త్రాగుము."

"ఉపవాసమండి. పెళ్ళికొడుకునండి."

సూపరింటెండెంటు గారు చెవులు మూసుకున్నారు. "హరి హరీ! వరుని ఉపవాసము భంగపరచిన పాపము నాకేల? త్రాగవద్దు."

"అయితే పంపించండి."

"పంపరాదు."

గోడ గడియారం పదకొండూ పావు కొట్టింది. తొంభైమంది పనివాళ్ళూ పనులాపి కాటా చుట్టూ మూగారు. అక్కడ పెళ్ళిపందిట్లో కొత్త పంచె కట్టుకుని నూకరాజు కాచుకుని ఉంటాడు. వాడి సంచి గలగల చిట్టబ్బాయి చెవుల్లో మోగింది. ఎంతైనా కాటా మనిషి కాటా మనిషే కదా. ముల్లు వంక ఒక్కసారి చూశాడు.

"ఎంత తక్కువో నాకు తెలుసండి. సరిగ్గా ఒక్క కాణీ ఎత్తు. మీ తొమ్మిదో నియమం చదవండి బాబూ, మీ కాళ్ళకి మొక్కుతాను."

సూపరింటెండెంటు గారు పుస్తకం తీసి చదివారు. "తగ్గిన బరువును ఉద్యోగి నిష్క్రమింపక పూర్వమే టంకశాల వారు తప్పక భర్తీ చేయవలెను." నీళ్ళతోనే చెయ్యాలని అందులో లేదు. దేంతో చెయ్యాలో కూడా లేదు. ఆయన రెండుసార్లు చదివి, ముక్కుపొడుం పీల్చి, బుట్టలోంచి ఒక కొత్త చిల్లుకాణీ తీసి చిట్టబ్బాయి అరచేతిలో పెట్టారు. ముల్లు నిట్టనిలువుగా నిలిచింది.

"సమానము! పొమ్ము!"

పనివాళ్ళు ఈలలు వేశారు. చిట్టబ్బాయి పంచె ఎగ్గట్టి పరుగు లంకించుకున్నాడు. అప్పటికి గానీ బైరాగికి బుర్ర వెలగలేదు.

"అయ్యగారో! మన కాణీ పట్టుకుపోయాడండి!"

"బరువు హెచ్చినదా?"

"లేదండి."

"తగ్గినదా?"

"లేదండి."

"అట్లయిన ఏమియు పోలేదు. గేటు మూయుము."

చిట్టబ్బాయి రొప్పుతూ పందిట్లోకి వచ్చిపడేసరికి ముహూర్తానికి రెండు నిమిషాలుంది. పోలయ్య అప్పటికే నూకరాజు చెయ్యి పట్టుకుని పీటల దాకా తీసుకొచ్చేశాడు. వరహాలు పెళ్ళికొడుకు పీట మీద కాళ్ళు చాపుకుని, ఎవణ్ణీ కూర్చోనివ్వకుండా బైఠాయించి ఉంది. చిట్టబ్బాయిని చూసి ఒక్క ఉదుటున తన పీట మీదికి జరిగింది.

"తాళేదయ్యా?" అన్నారు పంతులు గారు.

చిట్టబ్బాయి గుప్పిట విప్పాడు. అరచేతిలో కొత్త రాగి కాణీ తళతళా మెరుస్తోంది. పందిట్లోవాళ్ళంతా మెడలు చాచి చూశారు. ఆ ఊరివాళ్ళు టంకశాల కాణీ చూడడం అదే మొదలు.

"చిల్లర!" అని పోలయ్య కెవ్వున కేకేశాడు. "వచ్చింది బాబోయ్, చిల్లరొచ్చింది! ఇలా తే అల్లుడూ, కొట్లో పెడతాను!"

"నాన్నా, దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది వరహాలు. "పంతులు గారూ, కానివ్వండి."

పంతులు గారు కాణీని అటూ ఇటూ తిప్పి చూశారు. "గుండ్రంగా ఉంది. లోహమే. చిల్లు కూడా వాళ్ళే పెట్టించారు. ఇంతకంటే ఏం కావాలి?" అని పసుపుతాడు ఎక్కించారు. మేళం మోగింది. చిట్టబ్బాయి మూడు ముళ్ళూ వేశాడు.

ఇది జరిగిన రెండేళ్ళకి యుద్ధం ముగిసింది. తాత్కాలిక టంకశాల మూసివెయ్యమనీ, తయారైన కాణీలన్నీ కరిగించి రాగి దిమ్మలు చేసి పంపమనీ, ఒక్కటి తగ్గినా మూసివేత చెల్లదనీ తాఖీదు వచ్చింది. సంచుల సీళ్ళు విప్పి చూస్తే అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప.

సూపరింటెండెంటు గారు తాళిబొట్టున్న ఆ కవరు పట్టుకుని చిట్టబ్బాయి ఇంటికి వచ్చారు.

"అమ్మా, ప్రభుత్వ నాణెము తమ కంఠమందున్నది. తిరిగి ఇయ్యవలెను."

"నా బంగారం బొట్టు మీ కవర్లో ఉంది కదండి. ముందది ఇప్పించండి. అది మెళ్ళో కట్టించుకున్నాకే ఇది తీస్తాను. మొగుడు ఇంట్లో ఉండగా బోసి మెడతో ఉంటానా?"

"బొట్టు ఇయ్యవలెనన్న టంకశాల మూయవలెను. టంకశాల మూయవలెనన్న ముందు కాణీ రావలెను."

"ఇటు ఇచ్చి అటు పుచ్చుకుంటే పోదూ?" అన్నాడు పోలయ్య.

"ఆ పద్ధతి లేదు."

"అయితే నేనూ తియ్యను," అంది వరహాలు. "మరి ఎప్పుడు తీస్తానంటారా? ఆడది తాళి ఎప్పుడు తీస్తుందో మీకు తెలీదాండి?"

సూపరింటెండెంటు గారికి తెలుసు. ఆయన లేచి నిలబడి, చిట్టబ్బాయి వంక ఒక్కసారి ఎగాదిగా చూసి, వెళ్ళిపోయి పైకి ఇలా రాశారు: ‘సదరు నాణెము వినియోగమందున్నది. చిట్టబ్బాయి అనువాడు జీవించియుండగా దానిని ఉపసంహరించుట అసాధ్యము. అంతవరకు ఈ టంకశాల తాత్కాలికముగా కొనసాగవలెను.’ పైవాళ్ళు సరేనన్నారు.

తొంభైమంది ఉద్యోగాలు చిట్టబ్బాయి ఆయుష్షు మీద నిలబడ్డాయి. ఆ సంగతి తెలిసిన మర్నాడే కొలిమి సత్తియ్య గేదె పాలు పట్టుకొచ్చాడు. వంటవాడు వీరన్న పూటపూటా నేతి గిన్నె పంపించాడు. చిట్టబ్బాయి తుమ్మితే నలుగురు వైద్యుడి కోసం పరుగెత్తేవారు. బక్కపలచటి మనిషి ఏడాది తిరిగేసరికి రెండు మణుగులు ఒళ్ళు చేశాడు.

ప్రతి నెలా మొదటి తారీఖున జవాను బైరాగి పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి, చిట్టబ్బాయి నాడి పట్టుకు చూసి, ‘బాగున్నాడు, మూయరాదు’ అని రాసుకుంటాడు. వెనకాలే తొంభైమందీ వచ్చి వరహాలుని వాకిట్లో నిలబెట్టి, "దీర్ఘసుమంగళీభవ" అని ముక్తకంఠంతో దీవించి మరీ డ్యూటీకి వెళ్తారు.

"పెళ్ళిలో పంతులు గారు కూడా ఇంత మనసు పెట్టి దీవించలేదయ్యా బైరాగీ," అంది వరహాలు ఒకసారి, కాణీని కళ్ళకద్దుకుంటూ.

"ఆయనకేం పోయింది చెల్లెమ్మా, సంభావన ముందే పుచ్చుకున్నారు. మాకు నెల నెలా జీతం రావాలి కదా," అన్నాడు బైరాగి.